పటము విప్పిన వేళ

ఇంటిలో పిల్లవాడొకడు మూలగా కూర్చుండి పుస్తకము చూచుచున్నాడు. అన్నమునకు పిలిచినను పలుకడు. ఆ పుస్తకములో పుట పుటకు ఆరేడు గదులు, గది గదికి ఒక బొమ్మ. ఒక గదిలో రెక్కలుగల మహాసర్పము నోట నిప్పులు గ్రక్కుచుండును. ప్రక్క గదిలో పదియేండ్ల బాలిక మంత్రదండము చేతబట్టి దానిని ఎదిరించుచుండును. మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. పెద్దలకు ఇది రుచింపదు. ఇవి మన కథలు కావనియు, చదువు మాని బొమ్మలు చూచుట ఏమి చదువనియు వారు కోపగింతురు. ఈ ఆక్షేపణలో రెండు మాటలున్నవి. బొమ్మల వరుసతో కథ నడుపుట మనకు పరాయిదనునది మొదటిది. మాయలు, భూతములు, వింత జంతువులు పిల్లల బుద్ధికి చేటు అనునది రెండవది. ఇవి ఎంతవరకు నిలుచునో సిద్దిపేట సీమను సాక్షిగా నిలిపి విచారింపవలెనని మా సంకల్పము.

పేరు మాత్రము క్రొత్తదే. ఇట్టి పుస్తకమును ఆంగ్లమున గ్రాఫిక్ నావెల్ అందురు. మనము బొమ్మల నవల అనుకొందము. ఆ పేరును 1964లో రిచర్డ్ కైల్ అను అమెరికా విమర్శకుడు వాడెను. 1978లో విల్ ఐస్నర్ రచించిన పుస్తకము వలన అది లోకమున వ్యాపించెను. అంతకు పూర్వము, 1830 తరువాతి దశకములోనే, జెనీవా నగరమున రొడాల్ఫ్ టోప్ఫర్ అను ఉపాధ్యాయుడు గదుల వరుసలో బొమ్మలు గీచి, వాని క్రింద మాటలు వ్రాసి, నవ్వు పుట్టించు కథలు ప్రకటించెను. పాశ్చాత్యులు తమ బొమ్మల కథల చరిత్రను తరచుగా ఆయనతో మొదలు పెట్టుదురు. వారి చరిత్ర వారికి సరియే. మన చరిత్రను వెదకవలెనన్నచో మనము అచ్చు యంత్రమును దాటి చాల దూరము వెనుకకు పోవలెను.

ఏడవ శతాబ్దమున బాణభట్టు రచించిన హర్షచరిత్రమున ఒక ఘట్టము కలదు. తండ్రికి జబ్బుచేసినదని విని హర్షుడు రాజధానికి పరుగున తిరిగి వచ్చుచున్నాడు. అంగడి వీధిలో ఒకడు యమపటమును కర్రకు వ్రేలాడగట్టి, వేరొక చేతనున్న రెల్లుపుల్లతో బొమ్మలను చూపుచు, పరలోక వృత్తాంతము చెప్పుచున్నాడు. పటమున మహిషము నెక్కిన యముడున్నాడు. కథకుని చుట్టును మూగినవారు ఎవరు? కుతూహలము పట్టలేని పిల్లలు. రాజకుమారుని దుఃఖము నడుమ బాణుని దృష్టి ఆ పిల్లల గుంపుమీద ఒక్కక్షణము నిలిచినది.

విశాఖదత్తుని ముద్రారాక్షసమున ఈ సంగతి ఇంకను చమత్కారముగా వచ్చును. చాణక్యుని చారుడొకడు యమపటము చూపువాని వేషమున చందనదాసను రత్నవర్తకుని యింట ప్రవేశించి, పటము పరచి పాట మొదలిడెను. లోపలి గదినుండి అయిదేండ్ల బాలుడు ఆ బొమ్మలు చూడవలెనని వాకిటికి వచ్చెను. లోపలి స్త్రీలలో కలవరము పుట్టినది. ఒక స్త్రీ చేయి చాచి బాలుని వెనుకకు లాగుకొన్నది. ఆ తొందరలో ఆమె వ్రేలికి వదులుగా నున్న ఉంగరము జారి గడప దాటి దొర్లినది. అది రాక్షసమంత్రి ముద్రిక. దానితోనే చాణక్యుడు తన ఎత్తులన్నియు సాగించెను. ఒక పసివాడు బొమ్మల కథకై వాకిటికి రాకున్నచో ఆ నాటకము నడచు తీరే వేరుగా నుండెడిది. పటమునకు పిల్లలు ఆకర్షితులగుట ఎంత సహజమో ఎరిగిన కవి దానిని కథకు కీలుగా అమర్చినాడు. అన్నమునకు పిలిచినను పలుకని నేటి పిల్లవానికి అన్నగారు ఆనాడే ఉన్నారన్నమాట.

యమపటములు కాలగర్భమున కలిసిపోయినవి. కాని పటము కట్టి కథ చెప్పు విద్య మన తెలంగాణమున మొన్న మొన్నటి దాకా బ్రదికియుండెను. బొమ్మలు వ్రాయు విద్య నేటికిని బ్రదికియున్నది. దానికి ప్రసిద్ధమైన తావు చేర్యాల. కొమురవెల్లి మల్లన్న క్షేత్రమునకు చేరువనున్న ఈ ఊరు చిరకాలము వరంగల్లు జిల్లాలో నుండి, 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో చేరినది. ఇచ్చట బొమ్మలు వ్రాయువారిని నకాశీలందురు. చిత్రించుట, చెక్కుట అను అర్థములుగల పారసీక శబ్దము ఉర్దూ ద్వారమున వచ్చి ఒక వృత్తికే పేరైనది. పటములు వ్రాయుటయే గాక, తేలికయైన పొనికి కర్రతో బొమ్మలను, రంపపు పొట్టును చింతగింజల ముద్దతో కలిపి ముఖములను చేయుటయు వారి పనియే. నేటి నకాశీలలో ధనాలకోట వారి కుటుంబము పేరెన్నిక గన్నది.

పటము తయారగు విధము తెలిసికొన్నగాని దాని విలువ తెలియదు. మొదట ముతక ఖద్దరు గుడ్డ తెత్తురు. గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, చెట్టు జిగురు కలిపి ఆ గుడ్డకు పూతమీద పూత పట్టించి ఆరబెట్టుదురు. అప్పుడది చుట్టినను పగులదు, విప్పినను ముడుత పడదు. పిమ్మట ఉడుత వెంట్రుకల కుంచెతో గీతలు గీయుదురు. శంఖపు పొడినుండి తెలుపు, దీపపు మసినుండి నలుపు, నీలిమందునుండి నీలము, ఇంగిలీకమునుండి ఎరుపు పూర్వులు తీసికొనెడివారు. వెనుకనుండు నేల అంతయు ఎరుపు. దేవతలకు నీలము, పసుపు, మనుష్యులకు మేనిచాయ, రాక్షసులకు గోధుమవన్నె లేక అంతకన్న నల్లని వన్నె. రంగు చూడగనే ఎవరు ఎవరో చంటిపిల్లకైనను తెలిసిపోవును.

ఇట్టి పటము వెడల్పు సుమారు 3 అడుగులుండును. పొడవు కథను బట్టి 40 అడుగులు దాటుటయు కలదు. పైనుండి క్రిందికి అడ్డపట్టీలుగా దానిని విభజింతురు. పట్టీకి పట్టీకి నడుమ పూలతీగ అంచు. ఒక్కొక్క పట్టీలో కథలోని ఒక్కొక్క ఘట్టము. కథానాయకుడు ఈ పట్టీలో పుట్టును, తరువాతి పట్టీలో పెరుగును, ఆ తరువాత యుద్ధమునకు పోవును. ఒకే మనిషి మరల మరల కనబడినను చూచువారికి సందేహము కలుగదు. కాలము నడచినదని వారికి తెలియును. నేటి బొమ్మల నవలలోని గదుల మర్మము సరిగా ఇదియే. భేద మొక్కటి. నవలలో మాటలు బొమ్మ ప్రక్కనే అచ్చుపడి యుండును. పటమున అక్షరములకు పని లేదు. మాట అంతయు కథకుని నోటనే యుండును.

రాత్రి భోజనములైన పిమ్మట ఊరి నడుమ పటము కట్టుదురు. దీపపు వెలుగున ఒక్కొక్క పట్టీయే క్రిందికి విప్పుచు, కర్రతో చూపుచు, ముఖ్య కథకుడు పాట ఎత్తుకొనును. వంతలు అందుకొందురు. తాళము, మద్దెల తోడగును. విప్పని భాగము పైన చుట్టగానే యుండును. అందులో ఏమున్నదో చూపరులకు తెలియదు. ఒక్క రాత్రితో కథ ముగియదు. రాక్షసుడు గుహనుండి వెలువడు వేళకు పటము చుట్టివేసినచో ఆ రాత్రి పిల్లలకు నిద్ర యెట్లు పట్టును? "తరువాయి వచ్చే నెల" అను మాటకు మూలము ఇచ్చట కనబడుచున్నది గదా!

ఈ పటములు ఎవరి ఇంటనైనను వేలాడదీయుటకు వ్రాసిన అలంకారములు కావు. ఒక్కొక్క వృత్తివారికి ఒక్కొక్క కుల పురాణము. ఆ పురాణము చెప్పుటకు వారిని ఆశ్రయించుకొన్న వేరొక కథకుల బృందము. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెప్పుదురు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణము చెప్పుదురు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ, భావనాఋషుల కథ చెప్పుదురు. గొల్లలకు చెప్పు మందహెచ్చులవారు పటమునకు మారుగా పెట్టె నిండ బొమ్మలు తెచ్చి, ఒక్కొక్కటే బయటికి తీసి నిలుపుచు కథ నడుపుదురు. అగ్రహారములలో పురాణ కాలక్షేపము వినని జనులకు ఇవియే పురాణములు, ఇవియే చరిత్రలు. మా పుట్టుక గొప్పది, మా పనిముట్టు గొప్పది అని ఒక కులము తన బిడ్డలకు చెప్పుకొన్న మాట ఆ ఎర్రని గుడ్డమీద నున్నది.

పద్మశాలీల కథనే చూతము. సిద్దిపేట నేతగాండ్ర ఊరు. తలపై కుండతో నిలిచిన గొల్లభామను చీర అంచున నేసి చూపు విద్య ఆ ఊరికి కీర్తి తెచ్చినది. ఆ మగ్గముల వారి మూలపురుషుడు భావనాఋషి. మార్కండేయుని యజ్ఞకుండమునుండి ఆయన పుట్టెనట. తామరతూడు నుండి నూలు తీసి దేవతలకు బట్టలు నేసెనట. సూర్యుని కుమార్తె భద్రావతిని పెండ్లాడెనట. ఆయన వాహనము పెద్దపులి. ఆ కథ చెప్పు కూనపులివారి పేరులోనే పులి ఉన్నది. బట్ట నేయుట అయినది గాని దానికి రంగులు లేవు. అప్పుడు కాలవాసురుడను రాక్షసునితో ఘోరయుద్ధము జరిగినది. ఋషి వానిని గెలిచి, వాని శరీరమునుండి రంగులు గ్రహించెనని కథకులు చెప్పుదురు. పాఠాంతరములున్నను సారాంశ మిది. హైదరాబాదులో జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతుల పేర 1976లో ఏర్పడిన కళా సంగ్రహాలయమున ఈ పురాణమును చిత్రించిన పటమొకటి కలదు. అది 1625 నాటిదని పండితులు గుర్తించినారు. నేటికి 400 ఏండ్లు!

రాక్షసులు పిల్లలకు తగరనువారు ఈ కథను ఒకసారి తలపోయవలెను. నేతగాని బిడ్డ ప్రతిదినము ఇంటిలో రంగుల తొట్టెలు చూచును. ఎరుపెక్కడిది, నీలమెక్కడిది అని అడుగును. మా తాత ఒక భయంకరుని ఎదిరించి తెచ్చినాడని పటము సమాధానము చెప్పును. రాక్షసుడు లేనిచో రంగు లేదు. భయము నెదిరించిన వానికే వన్నె దక్కునను నీతిని ఏ ఉపన్యాసమును లేకుండ అయిదేండ్ల పిల్లకు అందించుటకు ఇంతకన్న మంచి ఉపాయము కలదా? రాక్షసుడు ఆ కథకు అలంకారము కాదు. కథయంతయు వాని చుట్టును తిరుగును.

ఇక రెక్కల సర్పము మాట. దానిని డ్రాగన్ అని పిలిచినంత మాత్రమున అది సర్వమును పరాయిది కాజాలదు. చీనా దేశపు డ్రాగన్ వానలకు, నదులకు అధిదేవత. అది సాధారణముగా శుభకారి. ఐరోపా డ్రాగన్ నిప్పులు గ్రక్కి, గుహలోని బంగారమును కావలి కాయు క్రూరజంతువు. మన యిండ్లలో లంకెబిందెలమీద పడగ విప్పి కూర్చుండు పాము కథ వినని వారెవరు? కావలి అదే, బంగారము అదే; రెక్కలు, నిప్పు మాత్రము లేవు. దేవాలయ ద్వారములమీద తొండము, మొసలి నోరు, చేప తోక గల మకరమున్నది. స్తంభములమీద సింహపు దేహము, ఏనుగు తొండము కలిసిన యాళి ఉన్నది. రెండు తలల గండభేరుండమున్నది. లోకమున లేని జంతువును ఊహించి, దానికి గోళ్ళు, కోరలు అమర్చి, దాని ఎదుట మనిషిని నిలుపుట సర్వదేశముల వారును చేసిన పనియే. పిల్లవాడు పుస్తకమున చూచు సర్పము మన మకరమునకు దూరపు చుట్టమే.

పటమునకు మరియొక ఉపకృతి కలదు. 1948కి పూర్వము సిద్దిపేట మెదకు జిల్లాలో భాగముగ నిజాము రాజ్యమున నుండెను. ఉన్నత విద్య అంతయు ఉర్దూలో సాగెడిది. తెలుగు బిడ్డకు తెలుగు పుస్తకము చేతికందుట కష్టము. ఊళ్ళలో చదువు వచ్చినవారే అరుదు. అట్టి కాలమున అక్షరముతో పనిలేని ఈ పటము, అచ్చుతో పనిలేని ఈ పాట తెలుగు కథను తెలుగు నుడికారముతో రాత్రికి రాత్రి వందలమందికి అందించినవి. బడి చేయలేని పనిని కొంతవరకు పటము చేసినది. దీనిని గుర్తింపక, గ్రంథాలయములను మాత్రము లెక్కించి ఒక ప్రాంతపు అక్షర చరిత్ర వ్రాసినచో ఆ చరిత్ర సగమే అగును.

తరువాత అచ్చు బొమ్మల యుగము వచ్చెను. 1945లో మద్రాసున న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు "బాల" పత్రికను స్థాపించిరి. వారే రేడియో అన్నయ్య, అక్కయ్య. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు "చందమామ"ను వెలువరించిరి. 1952 నుండి 1980లో తుదిశ్వాస విడుచువరకు కొడవటిగంటి కుటుంబరావు దానికి సంపాదకులుగ పనిచేసి, తేటయైన తెలుగును లక్షల యిండ్లకు అలవాటు చేసిరి. అందు దాసరి సుబ్రహ్మణ్యం వ్రాసిన సీరియళ్ళు పిల్లలను ఊపివేసినవి. 1954లో ఆరంభమైన "తోకచుక్క"లో ఏకాక్షి, చతుర్నేత్రుడు అను మాంత్రికులు వచ్చిరి. ఆ వెనుక "మకరదేవత", "ముగ్గురు మాంత్రికులు", "కంచుకోట", "రాకాసిలోయ", "పాతాళదుర్గం" వరుసగా వచ్చినవి. వానికి "చిత్ర" అను పేరుతో బొమ్మలు వ్రాసినవారు టి. వి. రాఘవన్. భేతాళ కథలకు శంకర్ వ్రాసిన బొమ్మ, చెట్టునుండి శవమును దింపి భుజమున వేసికొని నడచు విక్రమార్కుడు, తెలుగువారి కన్నులలో నిలిచిపోయినది. 1967లో అనంత పాయ్ బొంబాయినుండి అమర చిత్ర కథను ఆరంభించి గదుల బొమ్మల కథను దేశమంతట వ్యాపింపజేసిరి.

ఈ అచ్చు బొమ్మలు చేర్యాల పటమునకు నేరుగా పుట్టిన సంతానమని మేము చెప్పజాలము. చందమామ చిత్రకారులు మద్రాసు వారు. వారి గీత వేరు, శిక్షణ వేరు. కాని పిల్లవాడు అడిగినది ఒక్కటే, ఇచ్చినది ఒక్కటే. బొమ్మ, మాయ, భయము, తరువాత ఏమగునోయను ఆత్రము. ఆత్రము పాతది, గిన్నె మాత్రము మారినది.

గిన్నె మారుటలో లాభమున్నది, నష్టమున్నది. లాభము స్పష్టము. పటము ఒక కులమునకు చెందినది. పుస్తకము అణా పైసలిచ్చి కొన్న ప్రతి బిడ్డది. పటము ఏడాదికొకసారి వచ్చును. పుస్తకము దిండు క్రింద నుండును. నష్టము మాత్రము అంత సులభముగ కనబడదు. పటమున బొమ్మయు గొంతుకయు ఒక్కటిగ నుండెడివి. ఇరువదవ శతాబ్దమున అవి రెండిండ్లు చేరినవి. బొమ్మ అచ్చు పుస్తకమునకు పోయినది. గొంతుక రేడియోకు పోయినది. బాలానందమున అన్నయ్య కథ చెప్పునపుడు పిల్లలు రేడియో ఎదుట కూర్చుండి బొమ్మను తామే మనస్సులో వ్రాసికొనిరి. చందమామ చదువునపుడు గొంతుకను తామే కల్పించుకొనిరి. ఈ రెండును మంచి సాధనలే. కాని ఒక ముసలి గొంతుక చీకటిలో పాడుచుండగ, ఒక కర్రకొన రాక్షసుని కోరను చూపుచుండగ, ప్రక్కనున్న తల్లి కొంగు పట్టుకొని వందమందితో కలిసి భయపడు అనుభవము ఆ రెంటిలోను లేదు. ఒంటరిగ భయపడుట వేరు. ఊరితో కలిసి భయపడుట వేరు.

సినిమా వచ్చెను, రేడియో వచ్చెను, పిమ్మట టెలివిజన్ వచ్చెను. రాత్రులు పటము కట్టించు ఆశ్రయదాతలు తగ్గిరి. కథకుల బిడ్డలు కూలికిని, ఉద్యోగములకును పట్నము పోయిరి. పటము వ్రాయించువారు లేనప్పుడు నకాశీ ఏమి చేయును? పొడవైన పటమును మాని, గోడకు తగిలించుకొను చిన్న చట్రపు బొమ్మలు వ్రాసెను. ముఖములు, తాళపుచెవి గుత్తుల బొమ్మలు చేసెను. బ్రదుకు నిలిచినది. చేర్యాల చిత్రములకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. సిద్దిపేటలో 1925లో పుట్టి 2012లో గతించిన చిత్రకారుడు కాపు రాజయ్య ఈ జానపద గీతనుండి, రంగులనుండి స్ఫూర్తి గొని, బోనాలను, బతుకమ్మను, వడ్డెర స్త్రీలను చిత్రించి ఆధునిక కళా ప్రపంచమునకు సిద్దిపేట పేరు వినిపించెను. ఇవన్నియు సంతోషింపదగినవే.

అయినను ఒక్క మాట అడుగవలసియున్నది. చట్రములో బిగించిన బొమ్మ కొన్నవారికి అందులోని మనిషి ఎవరో తెలియునా? పులినెక్కిన ఆ పెద్దమనిషిని చూచి "బాగున్నది" అనుకొందురు. ఆయన ఏ రాక్షసుని గెలువబోవుచున్నాడు, ఇంతకుముందు పట్టీలో ఏమి జరిగినది, తరువాతి పట్టీలో ఏమి జరుగును అన్నది బొమ్మ చెప్పలేదు. నలువది అడుగుల కథనుండి ఒక్క అడుగు కోసి తెచ్చినాము. నవలలోని ఒక్క పుటను చించి గోడకు అంటించి నవలను కాపాడితిమనుకొనుట ఎట్టిదో ఇదియు అట్టిదే. పటము వ్రాయు చేయి మిగిలి, పటము చదువు గొంతుక పోయినచో, కొంత కాలమునకు వ్రాయు చేతికిని తాను వ్రాయుచున్నది ఏమో తెలియకుండ పోవును.

పూర్వులు పటమును ప్రాణమున్న దానివలె చూచిరి. పని ముగియు వేళ, పూజచేసి, చివరగా దేవతల కన్నులు దిద్దెడివారు. అంతవరకు అది గుడ్డ. ఆ పిమ్మట పటము. ఏండ్లు గడచి అది జీర్ణించినపుడు చింపి పారవేయక, కర్మచేసి నదిలో విడిచెడివారు. క్రొత్త పటము వ్రాయించెడివారు. పాత గుడ్డ పోయినను వారికి బెంగ లేకుండెను. ఏలనన కథ గొంతుకలో భద్రముగ నుండెను. నేడు మన స్థితి తలక్రిందులైనది. గుడ్డను సంగ్రహాలయమున అద్దపు పెట్టెలో భద్రపరచుచున్నాము; గొంతుకను నదిలో విడుచుచున్నాము.

దీనికి ఉపాయము లేకపోలేదు. మిగిలియున్న కథకుల పాటను పూర్తిగ, తొందరలేక, రాత్రుల తరబడి శబ్దముద్రణ చేయవలెను. ఆ పాటను తేట తెలుగున వ్రాసి, పటములోని పట్టీలను వరుసగ ప్రక్కన అచ్చువేసినచో అదియే మన పిల్లల బొమ్మల నవల. అందు మాయ కలదు, పులి కలదు, రాక్షసుడు కలడు, రంగుల పుట్టుక కలదు. చేర్యాల, సిద్దిపేట బడులలో పిల్లలకు ఒక పొడుగైన కాగితము ఇచ్చి, అడ్డముగ గీతలు గీయించి, మీ తాత చెప్పిన కథను పట్టీలుగ వ్రాయుడని చెప్పినచో చాలును. తాత కథ చెప్పవలసి వచ్చును. మనుమడు వినవలసి వచ్చును. బొమ్మ, గొంతుక మరల ఒక్క యింట కలిసికొనును. పరాయి పుస్తకమును పిల్లవాని చేతినుండి లాగికొనుటకన్న ఇది మేలైన పని.

ఇండ్లలో రేడియో పెట్టుకొని గొంతుకలోని మహిమ ఎరిగిన మన పాఠకులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. మూలన కూర్చుండి పుస్తకము చూచు పిల్లవాని ప్రక్కన ఒకసారి పెద్దలును కూర్చుండి, ఆ రెక్కల సర్పము కథ ఏమో అడుగవలెను. వాడు ఉత్సాహముతో చెప్పును. వ్రేలితో ఒక్కొక్క గది చూపుచు చెప్పును. చెప్పుట ముగిసిన పిమ్మట, "మన నేతగాండ్ర తాత ఒకడు పులినెక్కి పోయి రాక్షసుని గెలిచి రంగులు తెచ్చినాడు, విందువా?" అని మొదలు పెట్టవలెను. అప్పుడు అన్నమునకు పిలిచినను ఇద్దరును పలుకరు.